72 రంగుల డబ్బానా, 24 రంగుల డబ్బానా? చిత్తూరు నుంచి అడిగిన అన్నకు

మీ పాప ఇంటర్ చదువుతోందనీ, ఇన్నాళ్ళూ స్కూలు పెన్సిళ్ళతోనే బొమ్మలు వేసిందనీ రాశారు. ఇప్పుడు వెంకటేశ్వరస్వామి బొమ్మ ఒకటీ, వాళ్ళ అవ్వ బొమ్మ ఒకటీ పెద్దగా వేసి ఫ్రేము కట్టించాలని పాప ఆశ. చేతిలో మూడు వేలు. ఒకపక్క తొమ్మిది వందలకు 72 రంగుల డబ్బా, ఇంకోపక్క ఆ మూడు వేలూ మింగేసే 24 రంగుల డబ్బా. ఏది తీసుకోవాలి అన్నారు. మైనం పెన్సిలు, నూనె పెన్సిలు అంటారే, ఆ తేడా ఏందని కూడా అడిగారు.

నేను తిరుపతిలో ఆర్డర్ల మీద బొమ్మలు వేస్తాను, ఆదివారాలు పిల్లలకు నేర్పిస్తాను. ఎక్కువగా కలర్ పెన్సిళ్ళతోనే పని. నన్నడిగితే రెండు డబ్బాలూ వద్దన్నా. మంచి రకంలో విడిగా ఒక పన్నెండు పెన్సిళ్ళు ఏరుకుని కొనండి. మిగిలిన డబ్బు కాగితానికి పెట్టండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు పెన్సిలు లోపల ఏముంటుందో చూద్దాం. మామూలు నల్ల పెన్సిలు ముల్లు గ్రాఫైటూ బంకమన్నూ కలిపి కొలిమిలో కాల్చింది. కలర్ పెన్సిలు ముల్లును అట్లా కాల్చరు, ఆ వేడికి రంగు నిలవదు. రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే మైనమో నూనో, కొంత జిగురు, తక్కినదంతా తెల్ల బంకమన్నో టాల్కో. ఆ తక్కినదాన్ని ఫిల్లర్ అంటారు. డబ్బా ధరను తేల్చేది ఈ పాళ్ళే. రంగు పొడి ఖరీదైన సరుకు, ఫిల్లర్ చవక. తొమ్మిది వందలకు 72 పెన్సిళ్ళంటే ఒక్కొక్కటి పన్నెండున్నర రూపాయలు. అందులోనే చెక్క, పెయింటు, రేకు డబ్బా, అమ్మేవాడి లాభం అన్నీ పోవాలి. రంగుకు ఎంత మిగిలి ఉంటుందో మీరే లెక్కేసుకోండి. అట్లాంటి డబ్బాలో పన్నెండు ఆకుపచ్చలు ఉంటాయి, కాగితం మీద గీస్తే అందులో సగం ఒకేలా పాలిపోయి కనిపిస్తాయి. ఎంత నొక్కినా చిక్కబడవు. పిల్లలు తమకే చేతగాలేదనుకుని ఇంకా గట్టిగా నొక్కుతారు, కాగితం చిరుగుతుంది.

అట్లాగని స్కూలు డబ్బాలను తీసిపారేయను. డామ్స్, క్యామ్లిన్ లాంటి కంపెనీల పెన్సిళ్ళు చిన్నపిల్లలకు బాగానే ఉంటాయి, వాళ్ళు చేసే పనికి అవి చాలు. మీ పాప ఆ దశ దాటింది, అంతే.

ఇక మైనం, నూనె సంగతి. మైనం పెన్సిలు మెత్తగా, వెన్నలా జారుతుంది, తొందరగా నిండుతుంది. ప్రిస్మాకలర్ ప్రీమియర్, కారన్ డాష్ లూమినాన్స్ ఈ జాతివి. నూనె పెన్సిలు కాస్త గట్టిది. మొన సన్నగా నిలబడుతుంది, పొర మీద పొర ఎక్కువసార్లు పడుతుంది, పొడి తక్కువ రాలుతుంది. 1908 నుంచి వస్తున్న ఫేబర్-క్యాస్టెల్ పాలీక్రోమోస్ ఇందులో పేరున్నది, మొత్తం 120 రంగులు. నిజానికి నూనె పెన్సిళ్ళలోనూ కొంత మైనం ఉంటుంది, దేని పాలు ఎక్కువన్నదే తేడా.

మన ఊళ్ళకు నేను నూనె రకమే చెప్తాను. మైనం ఎక్కువున్న పెన్సిలుతో మందంగా రుద్దితే కొన్నాళ్ళకు పైకి తెల్లటి పొర తేలుతుంది, నల్లద్రాక్ష మీద బూడిద పూసినట్టు. దాన్ని వాక్స్ బ్లూమ్ అంటారు. ముదురు రంగుల మీద బాగా కనబడుతుంది. మెత్తటి టిష్యూతో తుడిస్తే పోతుంది, పైన ఫిక్సేటివ్ అనే, రంగును పట్టి ఉంచే స్ప్రే కొడితే మళ్ళీ రాదు. కానీ మీ పాప వేయబోయేది స్వామి బొమ్మ. అందులో ముప్పావు వంతు నలుపే, ఆ తంటా ఎందుకు? పైగా ఎండాకాలం మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, మైనం ముల్లు ఇంకా మెత్తబడి మొన నిలవదు. ఏ రకం కొన్నా స్కూటరు డిక్కీలోనో ఎండలో నిలిపిన కారులోనో వదిలేయొద్దని పాపకు చెప్పండి.

మూడో రకం ఒకటుంది, నీళ్ళలో కరిగేది. అంగట్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పెన్సిలు మీదో డబ్బా మీదో చిన్న బ్రష్షు గుర్తుంటే అది వాటర్‌కలర్ పెన్సిలు. గీసి పైన తడి కుంచె తిప్పితే రంగు కరిగి పరుచుకుంటుంది. మంచి వస్తువే, కానీ మీ పనికి కాదు. మే నెలలో అరచేయి చెమటకే బొమ్మంతా మరకలవుతుంది. ఏ పెన్సిలు వాడినా చెయ్యి కింద ఒక తెల్ల కాగితం వేసుకుని గీయడం మాత్రం పాపకు ఇప్పుడే అలవాటు చేయండి.

ఫ్రేము కట్టించి గోడకు పెట్టే బొమ్మ అన్నారు కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైనది రంగు నిలకడ. వెలుతురుకు రంగు ఎంతకాలం ఆగుతుంది అన్నది. నోటుబుక్కులో మూసి ఉండే బొమ్మకు దీనితో పని లేదు, గోడ మీద బొమ్మకు ఇదే ప్రాణం. గులాబీ, వంగపండు, ఊదా రంగులు, మెరిసే ఫ్లోరసెంట్ రంగులు ముందుగా వెలిసిపోతాయి. మట్టి రంగులు, అంటే ఆకర్, సియెన్నా, అంబర్ లాంటివి, అవి ఇనుము నుంచి వచ్చేవి, దశాబ్దాలు చెక్కుచెదరవు. స్కూలు డబ్బాల మీద ఈ నిలకడ గురించి ఒక్క ముక్క ఉండదు. ఆర్టిస్టు రకాల్లో ప్రతి పెన్సిలు మీదా గుర్తుంటుంది, లేదా కంపెనీ విడిగా పట్టిక ఇస్తుంది. ఫేబర్-క్యాస్టెల్ వాళ్ళవి నక్షత్రాలు: మూడుంటే మ్యూజియం లాంటి వెలుతురులో వందేళ్ళకు పైగా, రెండుంటే 25 ఏళ్ళకు పైగా, ఒకటే ఉంటే 5 ఏళ్ళకు పైగా. కలర్ పెన్సిళ్ళ నిలకడకే ప్రత్యేకంగా ఏఎస్‌టీఎం డీ6901 అని ఒక ప్రమాణం ఉంది, లూమినాన్స్ దాన్ని పాటిస్తుంది. లూమినాన్స్ అందుకే అంత ఖరీదు, ఇప్పుడు మీకు అవసరం లేదు.

గుర్తుల మీద నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లోనే చూసుకోవచ్చు, మనకు ఎండకు కరువా! ఒక కాగితం మీద ప్రతి పెన్సిలుతో బెత్తెడు పట్టీ నిండుగా రుద్దండి. పట్టీల సగభాగాన్ని నల్ల అట్టతో కప్పి టేపు వేయండి. పడమటి కిటికీకి లోపలివైపు అంటించి రెండు మూడు నెలలు మరిచిపోండి. తర్వాత అట్ట తీస్తే తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలందరిచేతా ఈ పని చేయిస్తాను. ఆన్‌లైన్లో ఆర్టిస్టు రకమని కొన్న ఒక చవక డబ్బాలోని గులాబీ రంగు అట్ట బయట ఉన్నచోట దాదాపు తెల్లకాగితం అయిపోయింది. అవ్వ పెదాలకు వేసేది అదే రంగు కదా.

అంగడికి వెళ్ళినప్పుడు చూడాల్సినవి కొన్ని. పెన్సిలు అడుగు వైపు చూడండి, ముల్లు నట్టనడుమ ఉండాలి. ఒక పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడల్లా ఒకవైపు చెక్క అడ్డొస్తుంది, ముల్లు విరుగుతుంది. గాజు బల్ల మీద దొర్లించండి, వంకర ఉంటే టకటకమని ఎగురుతుంది. గుండ్రటి పెన్సిళ్ళకే ఈ పరీక్ష, ఆరు పలకలవి ఎట్లాగూ ఎగురుతాయి. ముల్లు మందం కూడా గమనించండి, పాలీక్రోమోస్‌ది 3.8 మిల్లీమీటర్లు, స్కూలు పెన్సిళ్ళలో బాగా సన్నగా ఉంటుంది. గీసి చూడనిస్తే గట్టిగా నొక్కొద్దు. తేలిగ్గా మూడు పొరలు వేసి, వాటి మీద వేరే రంగు వేయండి. పై రంగు పట్టుకుంటే మంచిది. జారిపోతూ ఉంటే, గరగరమని ఇసుక తగిలినట్టుంటే, అక్కడే పెట్టేయండి. ఇంకో మాట. కంపెనీ పేరు చూసి మోసపోవద్దు. ఫేబర్-క్యాస్టెల్ వాళ్ళే పిల్లల పెన్సిళ్ళూ చేస్తారు, గోల్డ్‌ఫేబర్ అని నడిమి రకమూ చేస్తారు, పాలీక్రోమోసూ చేస్తారు. పేరు ఒకటే, సరుకు వేరు. అంగడివాడు "ఇదీ ఫేబరే సార్" అంటాడు, అబద్ధం కాదు, కానీ మీకు కావలసింది అది కాదు.

నేను చెప్పే పన్నెండు పాలీక్రోమోస్ రంగులు ఇవి: కాడ్మియం ఎల్లో, లైట్ ఎల్లో ఆకర్, బర్న్ట్ ఆకర్, వెనీషియన్ రెడ్, డీప్ రెడ్, వాల్‌నట్ బ్రౌన్, డార్క్ సెపియా, డార్క్ ఇండిగో, అల్ట్రామెరీన్, పర్మనెంట్ గ్రీన్ ఆలివ్, ఐవరీ, బ్లాక్. విడిగా ఒక్కొక్కటి నూరు రూపాయలకు పైనే ఉంటుంది, ధర కొనేరోజు చూసుకోండి. మూడు వేలలో ఇవి పోను కాగితానికీ షార్పనరుకూ మిగలాలి, మిగులుతుంది. ఒకటి అరిగిపోతే అదొక్కటే మళ్ళీ కొనుక్కోవచ్చు. విడిగా దొరకని రకం జోలికి పోవద్దనేది ఇందుకే. డబ్బాలో గోధుమ రంగు ముందు అయిపోతుంది, మిగతావన్నీ అట్లాగే కూర్చుంటాయి.

పన్నెండుతో ఏమవుతుందని పాప అలుగుతుందేమో. ఒకసారి శ్రీకాళహస్తి తీసుకెళ్ళి కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టిన నలుపు, పటికతో పట్టించిన ఎరుపు, కరక్కాయ పూల పసుపు, నీలిమందు. పచ్చ కావాలంటే పసుపూ నీలమూ ఒకదానిమీద ఒకటి. అంతటితోనే రామాయణం మొత్తం ఒక గుడ్డ మీదికి ఎక్కిస్తారు. కలర్ పెన్సిలు పనీ అదే పద్ధతి. ఇది పోస్టర్ కలర్ లాగా కింది రంగును కప్పేది కాదు, పైనుంచి చూస్తే కిందిది కనిపించే పలచటి పొర. ఆలివ్ మీద పసుపు తేలిగ్గా వేస్తే తులసి చిగురు, దాని మీద ఇండిగో వేస్తే మాలలో లోపలి నీడ. ఎదుటపెట్టుకున్న రెండు పెన్సిళ్ళు నాలుగు రంగులు ఇస్తాయి.

స్వామి బొమ్మ విషయానికొస్తే, గుడి లోపల ఫొటో తీయనివ్వరు కాబట్టి అందరికీ ఆధారం టీటీడీ క్యాలెండరే. అందులో నలుపు సిరా పోసినట్టు ఉంటుంది. దాన్ని చూసి నల్ల పెన్సిలుతో మొత్తం రుద్దేస్తే బొగ్గు బొమ్మ అవుతుంది. ముందు డార్క్ ఇండిగో ఒక పొర, దాని మీద డార్క్ సెపియా, మళ్ళీ ఇండిగో. చెంపల గుండ్రం, ముక్కు పక్క నీడ ఈ రెండింటితోనే వచ్చేయాలి. బ్లాక్ చివర్లో, బాగా లోతైన చోట్ల మాత్రం. అప్పుడే రాయిలో నిగనిగ కనిపిస్తుంది.

నామం తెలుపు సంగతి పాపకు ముందే చెప్పండి, చాలామంది పిల్లలు ఇక్కడే ఏడుస్తారు. నలుపు వేశాక పైన తెల్ల పెన్సిలుతో నామం దిద్దుదామంటే పడదు, బూడిదరంగు మరక వస్తుంది. కాగితం తెలుపే నామం. మొదటి గీతలోనే ఆ చోటు వదిలేసి, చుట్టూ జాగ్రత్తగా నింపుకుంటూ రావాలి. నా పన్నెండులో తెల్ల పెన్సిలు లేనిది అందుకే.

నగలకు బంగారు రంగు పెన్సిలు కొనమని అడుగుతుంది, కొనివ్వకండి. ఆ మెటాలిక్ పెన్సిలు ఏ పక్కనుంచి చూసినా ఒకే బూడిద మెరుపు. బంగారం మెరిసేది వెలుగు పక్కనే చీకటి ఉన్నందువల్ల. అంచుల్లో వాల్‌నట్ బ్రౌన్, దాని పక్కన బర్న్ట్ ఆకర్, తర్వాత లైట్ ఎల్లో ఆకర్, తర్వాత కాడ్మియం పసుపు, మెరిసే చుక్క దగ్గర ఖాళీ కాగితం. కెంపుకు డీప్ రెడ్, దాని అడుగున కొంచెం సెపియా.

ఇక అవ్వ. పెద్ద డబ్బాల్లో స్కిన్ అని ఒక పెన్సిలు వస్తుంది, లేత గులాబీ. ఆ రంగు మనిషిని నేను చిత్తూరు జిల్లాలో చూడలేదు. అవ్వ ముఖానికి మొదట లైట్ ఎల్లో ఆకర్ అంతటా పలచగా. చెంపలు, ముక్కు కొన, చెవుల దగ్గర వెనీషియన్ రెడ్ చాలా తేలిగ్గా. దాని మీద బర్న్ట్ ఆకర్, నీడల్లో వాల్‌నట్ బ్రౌన్. కళ్ళ కింద, గడ్డం కింద ఇండిగో ఒక పొర తగిలిస్తే చర్మంలోని చల్లదనం వస్తుంది. అవ్వ ఛాయ నలుపైతే ఆకర్ తగ్గించి సెపియా పెంచాలి. ఐవరీ చివర్లో, వెలుగు పడే చోట గట్టిగా రుద్దితే కింది పొరలన్నీ కలిసి నునుపవుతాయి. దీన్ని బర్నిషింగ్ అంటారు, ఒక్కసారి చేశాక ఆ చోట ఇంకో పొర సరిగా ఎక్కదు. తొందరపడకూడదు.

తెల్ల వెంట్రుకలకు ఒక కిటుకు. సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ఖాళీ కాగితం మీద వెంట్రుకల గీతలు గట్టిగా నొక్కి గీయాలి. కాగితంలో సన్నటి గాళ్ళు పడతాయి. తర్వాత పైన సెపియా పడుకోబెట్టి రుద్దితే రంగు గాళ్ళలోకి దిగదు, తెల్లటి వెంట్రుకలు పైకి తేలతాయి. పట్టుచీర జరీ పోగులకూ ఇదే, కాకపోతే ముందు పసుపు వేసి, అప్పుడు నొక్కాలి.

కాగితం సగం పని చేస్తుంది. చార్టు పేపరు వద్దు, అది నునుపు, రెండో పొరకే జారిపోతుంది. కాగితానికి కంటికి కనబడనంత గరుకు ఉండాలి, రంగు పట్టేది ఆ గరుకుకే. మరీ గరుకైన వాటర్‌కలర్ పేపరైతే ముఖంలో తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, వేడిగా నొక్కి గరుకు తగ్గించిన హాట్ ప్రెస్ రకమైతే నయం. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) చుట్టుపక్కల, యాసిడ్ ఫ్రీ అని రాసి ఉన్నది తీసుకోండి. యాసిడ్ ఉన్న కాగితం కొన్నేళ్ళకు పచ్చబడిపోతుంది, రంగు నిలిచి ఏం లాభం? ఏ4 సైజుతో మొదలుపెట్టమనండి. ఏ3 అంటే దానికి రెట్టింపు, ఆ నలుపు నింపేటప్పటికి పాపకు విసుగొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, గాలిలో తేమకు కాగితం మెత్తబడి ముల్లు కింద దిగబడుతుంది. ప్యాడ్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి.

షార్పనరు మామూలుదే చాలు, కొత్త బ్లేడు ఉండాలి. మొద్దుబారితే ముల్లు విరిచేస్తుంది, జనం పెన్సిలును తిట్టుకుంటారు. పెన్సిలు కింద పడితే లోపలే ముక్కలవుతుంది, చెక్కినకొద్దీ మొన ఊడిపోతుంది. మైక్రోవేవ్‌లో పెడితే అతుక్కుంటుందని కొన్ని వీడియోల్లో చూపిస్తారు, ఆ పని చేయొద్దు, పెన్సిలు మీది లోహపు అక్షరాలకు నిప్పురవ్వలు లేస్తాయి. రబ్బరు మెత్తగా పిసికే రకం తీసుకోండి, మామూలు రబ్బరు రంగును పులిమేస్తుంది. మొదటి స్కెచ్ నల్ల పెన్సిలుతో వేస్తే ఆ గ్రాఫైట్ పసుపులో కలిసి మురికి పట్టిస్తుంది. బాగా తేలిగ్గా గీసి రబ్బరుతో అద్ది ఎత్తేయాలి, లేకపోతే ఆకర్ పెన్సిలుతోనే గీయాలి.

ఎక్కడ కొనాలన్నది మిగిలింది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా స్టేషనరీ అంగళ్ళలో స్కూలు డబ్బాలకు లోటు లేదు. ఆర్టిస్టు రకం విడి పెన్సిళ్ళు అడిగితే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చెన్నైకి పనిమీద ఎవరైనా వెళ్తుంటే పెద్ద ఆర్ట్ షాపులో గీసి చూసి తెచ్చుకోవడం అన్నిటికంటే మంచిది. ఆన్‌లైన్ అయితే కంపెనీ సొంతంగానో పేరున్న ఆర్ట్ షాపో అమ్ముతున్నదే తీసుకోండి. పాలీక్రోమోస్ మరీ సగం ధరకు కనిపిస్తే అనుమానించాల్సిందే. దొరకనే దొరక్కపోతే, ఆ 24 డబ్బాకు వెళ్ళేముందు అందులో పైన చెప్పిన మట్టి రంగులు ఎన్ని ఉన్నాయో ఎంచండి. నాలుగైదు ఉంటే కొనండి. ఆ లెక్కన కాగితానికి ఇంకో రెండు మూడు వందలు చూసుకోవాల్సి వస్తుంది.

బొమ్మ అయ్యాక ఫ్రేము అంగట్లో ఒక మాట గట్టిగా చెప్పాలి. దేవుడి పటాలు కట్టే అలవాటులో గాజును నేరుగా కాగితం మీదే అదిమేస్తారు. వానాకాలంలో గాజుకు చెమ్మ పట్టి రంగు దానికి అంటుకుంటుంది. మధ్యలో అట్ట మౌంటు పెట్టి, గాజు బొమ్మకు తగలకుండా కట్టమనండి. స్వామి పటం పూజగదిలోనే పెడతామంటే కర్పూరం, దీపం మసి ఎగసే చోటుకు కాస్త ఎడంగా, కిటికీకి ఎదురు కాని గోడకు. అవ్వ బొమ్మ హాల్లో పెట్టినా అంతే, సాయంత్రం ఎండ ఏ గోడ మీద పడుతుందో చూసుకుని దాన్ని వదిలేయండి.